ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు: కంటికి తేడా తెలియని అక్షరాలను పట్టుకోవడం ఎలా?

రాయగడ_జిరాక్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రాయగడలో మాది జిరాక్స్, ప్రింట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేసే చిన్న షాపు. కాశీపూర్, మునిగుడ, గుణుపూర్ వైపు నుంచి ఒడియావాళ్లు వస్తారు, ఇటు పార్వతీపురం, కొమరాడ నుంచి తెలుగువాళ్లు వస్తారు. వాళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల్లో, వాట్సాప్‌లో పంపే వాటిలో ఫైళ్ల పేర్లు ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడింట్లోనూ ఉంటాయి, ఒక్కోసారి ఒకే పేరులో మూడూ ఉంటాయి. ఇన్నాళ్లూ దీంతో ఇబ్బంది రాలేదు, ఇప్పుడు రెండు విషయాలు టెన్షన్ పెడుతున్నాయి.

ఒకటి, ఒక కస్టమర్ ఫోల్డర్‌లో ఒడియాలో ‘రాయగడ’ అని మొదలయ్యే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నాయి. పేర్లు అక్షరం అక్షరం పక్కపక్కన పెట్టి చూశాను, ఏ తేడా లేదు, చివర పిడిఎఫ్ కూడా రెండింటికీ ఉంది. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫైళ్లను విండోస్ ఉండనివ్వదు కదా? సెర్చ్‌లో ఆ పేరు కొడితే మాత్రం ఒకటే వస్తోంది. అందులో ఒకటి పాత ఆదాయ ధ్రువపత్రం, ఇంకోటి కొత్తది. పాతది అప్‌లోడ్ అయితే ఆ పిల్లాడి స్కాలర్‌షిప్ ఆగిపోతుంది.

రెండోది ఇంకా భయంగా ఉంది. వేరే ఒకాయన పెన్‌డ్రైవ్‌లో బిల్లు అని ఒక ఫైలు ఉంది, పేరు చివర పిడిఎఫ్ అనే ఉంది, బొమ్మ కూడా పిడిఎఫ్ బొమ్మే. డీటెయిల్స్ వ్యూలో టైప్ అనే కాలమ్‌లో మాత్రం అప్లికేషన్ అని చూపిస్తోంది. తెరవలేదు, పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టాను.

ఇలాంటివాటిని తెరవకముందే పట్టుకునే పద్ధతి ఏమిటి? కోడింగ్ పెద్దగా రాదు కానీ చెప్తే చేసుకోగలను. పేర్లు ఇంగ్లిష్‌లోనే పెట్టుకు రమ్మని కస్టమర్లకు చెప్పడం మాత్రం కుదరదు, చాలామంది ఫోన్‌లో ఒడియా కీబోర్డే ఉంటుంది.


పార్వతీపురం_సిస్టమ్స్

ముందు ఆ రెండో ఫైలు సంగతి చూద్దాం అన్నా. దాన్ని షాపు సిస్టమ్‌లో తెరవడం కాదు కదా, మళ్లీ ఆ పెన్‌డ్రైవ్ పెట్టొద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది తిరగేసిన పేరు.

యూనికోడ్‌లో (అది ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టిక, ఆ సంఖ్యల్లో ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలూ అంకెలే) 202ఈ అనే సంఖ్యతో ఒక గుర్తు ఉంది, అది కంటికి కనపడదు. అరబిక్, హీబ్రూ లాంటి కుడి నుంచి ఎడమకు రాసే భాషల కోసం పెట్టిన గుర్తుల్లో అదొకటి. దాని తర్వాత వచ్చే అక్షరాలన్నీ తెర మీద కుడి నుంచి ఎడమకు పరుచుకుంటాయి. ఇప్పుడు ఒక ఫైలు పేరు నిజంగా ఇలా ఉందనుకోండి: ముందు బిల్లు, తర్వాత ఆ కనపడని గుర్తు, తర్వాత ఎఫ్, డి, పి, చుక్క, ఈ, ఎక్స్, ఈ. కంప్యూటర్ లెక్కలో అది ఈఎక్స్‌ఈ, అంటే నడిచే ప్రోగ్రామ్. మన కంటికి మాత్రం గుర్తు తర్వాతి భాగం తిరగబడి ఈ, ఎక్స్, ఈ, చుక్క, పి, డి, ఎఫ్ అని కనిపిస్తుంది. ఈఎక్స్‌ఈ ఫైలుకు ఏ బొమ్మ పెట్టాలో దాన్ని తయారుచేసినవాడి ఇష్టం కాబట్టి పిడిఎఫ్ బొమ్మ పెట్టేస్తాడు.

ఇది కొత్త మోసం కాదు. టెలిగ్రామ్ విండోస్ యాప్‌లో సరిగ్గా ఈ గుర్తుతోనే ఫైళ్లు పంపి జనం కంప్యూటర్లను క్రిప్టో మైనింగ్‌కు వాడుకున్నారని 2018 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీవాళ్లు బయటపెట్టారు, అప్పటికి దాదాపు ఏడాదిగా అది నడుస్తోంది. దాడి పద్ధతులను నంబర్లతో నమోదు చేసే మైటర్ అటాక్ పట్టికలో కూడా దీనికి టి1036.002 అని సొంత నంబరు ఉంది.

‘ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించు’ అన్న సెట్టింగ్ తప్పకుండా ఆన్ చేసుకోండి, పేరులో చివరి చుక్క తర్వాతి భాగమే ఎక్స్‌టెన్షన్, విండోస్ మామూలుగా వాటిని దాచేస్తుంది. కానీ ఈ తిరగేసే మోసం ఆ సెట్టింగ్‌కు దొరకదు, ఎందుకంటే ఎక్స్‌టెన్షన్ కనిపిస్తూనే ఉంటుంది, కనిపించే వరసే అబద్ధం. మీరు చూసిన టైప్ కాలమ్ మాత్రం నిజం చెబుతుంది, అది తెర మీది వరస చూసి కాదు, అసలు పేరు చూసి చెబుతుంది. అందుకని పెన్‌డ్రైవ్ ఏదైనా సరే డీటెయిల్స్ వ్యూలోనే తెరవండి, టైప్ కాలమ్ పేరు పక్కనే పెట్టుకోండి. అప్లికేషన్, స్క్రీన్ సేవర్, షార్ట్‌కట్ అని కనిపిస్తే వదిలెయ్యండి, ధ్రువపత్రం ఎప్పుడూ అప్లికేషన్ కాదు.

ఇంకోటి కూడా ఉంది, ఏ మాయా గుర్తూ అక్కర్లేనిది. పేరు, చుక్క, పిడిఎఫ్, ఆ తర్వాత బోలెడన్ని ఖాళీలు, చివర్లో చుక్క ఈఎక్స్‌ఈ. పేరు కాలమ్ వెడల్పు చాలక చివర కనపడదు. దీన్నీ టైప్ కాలమే పట్టిస్తుంది.


కొరాపుట్_కుర్రాడు

ఇంత కష్టం ఎందుకు అన్నా, పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేమున్నా ఆ ఫైలు పక్కన పడేసే చిన్న స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, పెట్టుకుంటే సరిపోతుంది కదా. చాలా ఆఫీసు పోర్టళ్లు కూడా అదే చేస్తాయి, ఇంగ్లిష్ కాని పేరుతో అప్‌లోడ్ చేస్తే తీసుకోవు.


పర్లాకిమిడి_డీటీపీ

తమ్ముడూ, అలా చేస్తే రాయగడ అన్నయ్య షాపులో రోజూ వచ్చే మంచి ఫైళ్లలో పెద్ద భాగం పక్కన పడుతుంది, వాళ్లేమో తమ భాషలో తమ పేరు రాసుకున్న జనం. పోర్టళ్లు అలా చేస్తాయని మనం కూడా చెయ్యక్కర్లేదు. పైగా అప్పుడు కూడా మోసం ఆగదు. చిన్న ఎల్, పెద్ద ఐ, అంకె ఒకటి చాలా ఫాంట్లలో ఒకేలా ఉంటాయి, పెద్ద ఓ, అంకె సున్న ఒకేలా ఉంటాయి, ఆర్, ఎన్ పక్కపక్కన వస్తే ఎమ్‌లా కనిపిస్తాయి, ఇవన్నీ శుద్ధ ఇంగ్లిష్ అక్షరాలే.

నేను పర్లాకిమిడిలో డీటీపీ చేస్తాను, ఒడియా, తెలుగు రెండూ రోజూ చేతిలో ఉంటాయి, అందుకని మొదటి ప్రశ్నకు, ఆ ‘రాయగడ’ ఫైళ్లకు, నేను చెప్తాను. అది మోసం కాకపోవడానికే ఎక్కువ అవకాశం.

ఒడియాలో రాయగడ అని రాస్తే చివర వచ్చే డ కింద చుక్క ఉంటుంది. ఒడిశా అన్న పేరులో డ కూడా అదే. ఈ చుక్క డను యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. 0బి5సి అనే ఒకే అక్షరంగా రాయొచ్చు, లేదా 0బి21 అనే మామూలు డ వేసి దాని వెనకే 0బి3సి అనే చుక్కను వెయ్యొచ్చు. తెర మీద రెండూ ఒకటే, ఏ ఫాంట్‌లో చూసినా ఒకటే. కొన్ని కీబోర్డులు మొదటి రకం వేస్తాయి, కొన్ని రెండో రకం వేస్తాయి. విండోస్ ఫైల్ సిస్టమ్ పేరును వచ్చింది వచ్చినట్టే దాచుకుంటుంది, రెండూ ఒకటేనని కలపదు, అందుకే దానికి అవి రెండు వేరే పేర్లు. సెర్చ్‌లో ఒకటే రావడం కూడా అందుకే, మీరు ఏ కీబోర్డుతో కొట్టారో ఆ రకం ఫైలే దొరికింది.

అంటే మీ జిల్లా పేరు, మన రాష్ట్రం పేరే రెండు రకాలుగా ఉంటాయి, దాంట్లో ఎవరి కుట్రా లేదు. ఈ రకం తేడాను తీసెయ్యడానికి నార్మలైజేషన్ అనే పద్ధతి ఉంది, అది రెండు రాతలనూ ఒకే రూపంలోకి తెస్తుంది. తెలుగులో ఐత్వం కూడా ఇలాంటిదే, 0సి48 అని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం 0సి46 వేసి కింది ముక్క 0సి56 వేసి కూడా రాయొచ్చు, నార్మలైజ్ చేస్తే రెండూ కలిసిపోతాయి. ఒక జాగ్రత్త, ఇప్పటి మ్యాక్ కంప్యూటర్లు ఈ రెండు రాతలనూ ఒకే పేరుగా చూస్తాయి, కాబట్టి ఆ ఫోల్డర్‌ను మ్యాక్‌లోకి కాపీ చేసేటప్పుడు రెండో ఫైలు మొదటిదాన్ని తొలగించి కూర్చునే ప్రమాదం ఉంది. ముందు రెండింటికీ వేరే పేర్లు పెట్టండి.

కానీ నార్మలైజేషన్ అన్నిటికీ పనిచెయ్యదు, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. తెలుగు సున్న తీసుకోండి. ‘సంఘం’ అన్న మాటలో ఉన్నది అనుస్వారం, 0సి02. ‘స౦ఘ౦’ అని కూడా రాస్తున్నారు, ఇందులో ఉన్నది తెలుగు అంకె సున్న, 0సి66. ఫోన్‌లో చూస్తే చాలా ఫాంట్లలో తేడా తెలియదు. యూనికోడ్ లెక్కలో ఇవి ఒకదానికొకటి సమానం కావు, ఒకటి అక్షరం గుర్తు, ఒకటి అంకె, కాబట్టి నార్మలైజ్ చేసినా విడిగానే ఉంటాయి. ఒడియాలో కూడా ఠ అక్షరం, అంకె సున్న రెండూ గుండ్రంగా ఒకేలా ఉంటాయి.

మూడోది కనపడనివి. 200సి అనే గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, తెలుగులో చాలా అవసరం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు పొల్లు ట తర్వాత అది లేకపోతే వ ఒత్తుగా ట కిందికి పోయి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మాట మధ్యలో దానికి పని ఉంది. కొన్ని కీబోర్డులు మాత్రం ‘రమేష్’ లాంటి పేరు చివర పొల్లు తర్వాత కూడా దాన్ని వేసేస్తాయి, అక్కడ దానికి పనేమీ లేదు, కంటికి ఏమీ మారదు, ఫైలు పేరు మాత్రం వేరే అయిపోతుంది. అందుకని ‘కనపడని గుర్తులన్నీ తీసెయ్యి’ అని ఎవరైనా చెప్తే వినొద్దు. అది తెలుగును పాడుచేస్తుంది.


సిరొంచ_సేవా_కేంద్రం

అక్క చెప్పిన చివరి మాటకు మా వైపు నుంచి ఒకటి కలుపుతాను. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ఇక్కడ ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. రైతుల దరఖాస్తులే ఎక్కువ, కాబట్టి మా ఫైళ్ల పేర్లలో శేత్కర్యాంచే, అంటే రైతుల, అన్న మరాఠీ మాట తెగ వస్తుంది. అందులో ర మామూలు రేఫలా పైకి పోదు, పక్కన చిన్న గీతలా నిలబడుతుంది. దాన్ని కూడా రెండు రకాలుగా రాస్తారు. 0931 అనే ప్రత్యేక ర వేసి హలంతం, అంటే పొల్లు గుర్తు, పెట్టడం ఒకటి, మామూలు ర 0930 వేసి హలంతం పెట్టి 200డి అనే కనపడని జాయినర్ పెట్టడం ఇంకోటి. చూడటానికి ఒకటే. ఈ రెండింటినీ నార్మలైజేషన్ కలపదు. ఆ 200డి తీసేస్తే గీత పోయి రేఫ పైకి ఎక్కుతుంది, మాట తప్పుగా కనిపిస్తుంది, రైతు వచ్చి నా పేరు మార్చేశారేమిటి అంటాడు.

ఉర్దూ పేర్ల ఫైళ్లు కూడా అప్పుడప్పుడు వస్తాయి. ఉర్దూ అక్షరాలు వాటంతటవే కుడి నుంచి ఎడమకు పోతాయి, దానికి 202ఈ గుర్తు అక్కర్లేదు. కాబట్టి ఆ గుర్తును అడ్డుకుంటే ఉర్దూవాళ్లకు నష్టం ఉండదు.


రాయగడ_జిరాక్స్

చాలా థ్యాంక్స్ అండి అందరికీ, ముఖ్యంగా అక్కకు, ఆ చుక్క డ సంగతి నాకు తెలియదు. టైప్ కాలమ్‌ను పేరు పక్కనే పెట్టుకున్నాను, ఆ పెన్‌డ్రైవ్ ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

ఇంకా రెండు సందేహాలు. రష్యన్ అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల్లాగే ఉంటాయని, వాటితో కూడా మోసం చేస్తారని విన్నాను, ఫైలు పేర్లలో దాంతో ఏం చెయ్యగలరు? రెండోది, ఇవన్నీ ఒక్కొక్కటిగా కంటితో చూడలేను, ఫోల్డర్ మొత్తం ఒకేసారి చూసి అనుమానం ఉన్నవి చెప్పే మార్గం ఉందా? రీనేమ్‌లో బాణం కీ నొక్కుతూ పోతే కనపడని గుర్తు దగ్గర కర్సర్ ఆగుతుందని ఒకరు చెప్పారు, అది నమ్మొచ్చా?


బరంపురం_కోడర్

బాణం కీ పద్ధతి ఇంగ్లిష్ పేర్లకు కొంత పనిచేస్తుంది, ఒక నొక్కుడుకు కర్సర్ కదలకపోతే అక్కడేదో ఉంది. తెలుగు, ఒడియా పేర్లలో కర్సర్ గుణింతం మొత్తాన్ని ఒకేసారి దాటేస్తుంది కాబట్టి లోపల ఏముందో తెలియదు. దాన్ని నమ్ముకోవద్దు.

రష్యన్ అంటే సిరిలిక్ లిపి. అందులో ఇంగ్లిష్ చిన్న ఎ, ఇ, ఓ, పి, సి, ఎక్స్ లాగా అచ్చుగుద్దినట్టు ఉండే అక్షరాలు ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్‌లోనే ఆ అక్షరం పెడితే, అంటే పిడిఎఫ్‌లో పి సిరిలిక్‌ది అయితే, విండోస్ దాన్ని పిడిఎఫ్‌గా గుర్తించదు, ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలని అడుగుతుంది. కాబట్టి ఎక్స్‌టెన్షన్‌లో పెట్టి మోసగాడికి వచ్చేది తక్కువ. అసలు పేరులో పెడితేనే లాభం, నమ్మకమైన ఫైలు పక్కన దాని కవలను కూర్చోబెట్టొచ్చు. 2011లో మైక్రోసాఫ్ట్ భద్రతా బృందం ఇలాంటిది ఒకటి వివరించింది. వెబ్‌సైట్ పేర్లను దారి మళ్లించగలిగే హోస్ట్స్ అనే ఫైలు విండోస్‌లో ఉంటుంది. ఒక ట్రోజన్, అంటే మంచిదానిలా నటించే హానికర ప్రోగ్రామ్, అసలు హోస్ట్స్ ఫైలును మార్చి, దాన్ని హిడెన్ చేసి, దాని పక్కనే సిరిలిక్ ఓ తో, అంటే 043ఈ తో, ఇంకో హోస్ట్స్ పెట్టింది. చూసేవాడు కనిపించే ఫైలు తెరుస్తాడు, అందులో తప్పేమీ ఉండదు. కంప్యూటర్ మాత్రం దాచిన ఫైలును చదువుతుంది.

ఫోల్డర్ మొత్తం ఒకేసారి చూడటానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు. యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ దాంతోపాటే వస్తుంది, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. అందులో నేమ్ అనే ఫంక్షన్‌కు ఒక అక్షరం ఇస్తే దాని పూర్తి పేరు చెబుతుంది, ఆ పేరులో మొదటి మాట చాలావరకు లిపి పేరే: తెలుగు, లాటిన్, సిరిలిక్, దేవనాగరి. ఒడియాకు మాత్రం అక్కడ ఇప్పటికీ ఒరియా అనే ఉంటుంది, యూనికోడ్ ఒకసారి పెట్టిన పేర్లు మార్చదు, కాబట్టి స్క్రిప్ట్‌లో ఒడియా అని వెతికితే ఏమీ దొరకదు. కేటగిరీ అనే ఫంక్షన్ సిఎఫ్ అని చెబితే అది కనపడని గుర్తుల జాతి. నార్మలైజ్ అనే ఫంక్షన్ కూడా అందులోనే ఉంది.

నియమాలు ఏం పెట్టాలన్నదే అసలు పని, దానికి మన ఊళ్ల సంగతి తెలిసి ఉండాలి. యూనికోడ్ వాళ్లు ఈ భద్రత విషయానికి 39వ నంబరు ప్రమాణం ఒకటి రాశారు, అందులో పేర్లను ఎంత కట్టడి చెయ్యాలో స్థాయిలు ఉన్నాయి. మధ్యస్థ స్థాయి ఇంగ్లిష్‌తో పాటు ఇంకొక్క లిపిని ఒప్పుకుంటుంది, సిరిలిక్, గ్రీకు తప్ప. రాయగడలో ఒకే పేరులో ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఉంటాయి కాబట్టి ఆ స్థాయి పెడితే మంచి ఫైళ్లే పట్టుబడతాయి. అందుకని నేను పేరు మొత్తాన్ని కాకుండా మాట మాటను చూస్తాను: ఖాళీ, అడ్డగీత, కిందిగీత, చుక్క దగ్గర విడగొట్టి ఒక్కో ముక్కలో ఏ లిపులున్నాయో చూడటం. ఇంగ్లిష్ మాటకు ‘లు’, ‘లో’ తగిలించి రాయడం మనకు అలవాటే, కాబట్టి ఒకే ముక్కలో ఇంగ్లిష్, తెలుగు కలిసినా ఒప్పుకుంటాను. తెలుగు, కన్నడ కలిస్తే మాత్రం ఒప్పుకోను, ఆ రెండు లిపుల్లో చాలా అక్షరాలు ఒకేలా ఉంటాయి, మన షాపుల్లో తెలుగు మాట మధ్య కన్నడ అక్షరం రావడానికి మంచి కారణం ఏదీ లేదు. సిరిలిక్, గ్రీకు ఎక్కడున్నా అనుమానమే. మొత్తం మాట సిరిలిక్‌లోనే ఉంటే కలగాపులగం పరీక్షకు దొరకదు, 2017లో ఆపిల్ వెబ్‌సైట్ పేరును పూర్తిగా సిరిలిక్‌లో రాసి ఒక పరిశోధకుడు చూపించింది అదే, అందుకని అనుమతించే లిపుల జాబితా పెట్టుకోవడమే నయం.

ఎక్స్‌టెన్షన్, అంటే చివరి చుక్క తర్వాతి భాగం, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే ఉండాలి, ఇక్కడ మాత్రం కొరాపుట్ తమ్ముడి నియమం సరైనదే. తిప్పే గుర్తులు, 202ఎ నుంచి 202ఈ వరకు, 2066 నుంచి 2069 వరకు, ఎక్కడున్నా అనుమానమే, మినహాయింపు లేదు. ఇవే గుర్తులతో ప్రోగ్రామ్ కోడ్‌ను కూడా చదివేవాడికి ఒకలా, కంప్యూటర్‌కు ఒకలా చూపించొచ్చని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2021లో చూపించారు, కాబట్టి కోడ్ రాసేవాళ్లూ వెతుక్కోవాలి. 200సి, 200డి రెండూ హలంతం వెనక ఉంటే సరే, తెలుగుకు 0సి4డి, ఒడియాకు 0బి4డి, దేవనాగరికి 094డి. వెబ్‌సైట్ పేర్ల ప్రమాణంలో కూడా 2010 నుంచి ఇలాంటి నియమమే ఉంది. ఎమోజీలను కలపడానికి కూడా 200డి వాడతారు, ఆ ఒక్కటీ వదిలెయ్యండి. ఇంగ్లిష్ అక్షరాల మధ్య అవి కనిపిస్తే, లేదా 200బి లాంటి వేరే కనపడనివి ఎక్కడ కనిపించినా, చెప్పాలి.

సున్నకు నియమం సులువు. తెలుగు అంకె సున్న పక్కన ఇంకో అంకె ఉంటే అది నిజంగా అంకె, ౨౦౨౩ అని సంవత్సరం రాసుకునేవాళ్లున్నారు. పక్కన అక్షరం ఉంటే అది సున్న బదులు పడిన అంకె. ఒడియాకూ అదే.

ఇవి ఒక్క ఫైలును చూసి చెప్పేవి. రెండు ఫైళ్లు ఒకదానికొకటి పోలి ఉన్నాయా అన్నది వేరే పరీక్ష. దానికి యూనికోడ్ వాళ్లే పోలిక అక్షరాల పట్టిక ఒకటి ఇస్తున్నారు. ప్రతి పేరునూ విడదీసి (చుక్క డను డ, చుక్కగా చేసినట్టు), పట్టిక ప్రకారం ఒక్కో అక్షరాన్ని దాని ప్రతినిధికి మార్చి, మళ్లీ విడదీస్తే ఒక అస్థిపంజరం వస్తుంది, రెండు పేర్ల అస్థిపంజరాలు ఒకటే అయితే అవి కంటికి ఒకేలా ఉంటాయని అర్థం. మన అనుస్వారం, మన అంకె సున్న రెండూ ఆ పట్టికలో ఇంగ్లిష్ చిన్న ఓ కిందికే పోతాయి, ఇంగ్లిష్ ఎమ్ ఏమో ఆర్, ఎన్ జంటగా మారుతుంది. అందుకని అస్థిపంజరాన్ని పోల్చడానికే వాడండి, ఫైలుకు అదే పేరుగా పెట్టొద్దు. సిరొంచ అన్న చెప్పిన మరాఠీ ర జంట లాంటివాటిని పట్టిక మీదే వదలకుండా మనమే ఒక వరుస చేర్చుకోవడం మంచిది.

ఇంకో మాట. స్క్రిప్ట్ అనుమానం చెప్పాలి, అంతే. తనంతట తాను పేరు మార్చకూడదు. కస్టమర్ ఇచ్చిన పేరు ఎలా ఉందో అలా ఉంచి, మీ కాపీకి మాత్రమే కొత్త పేరు పెట్టండి. ఒకేలా కనిపించే రెండు ఫైళ్లలో ఏది ఏదో తేల్చుకోవడానికి పవర్‌షెల్‌లో గెట్ ఫైల్‌హ్యాష్ అనే ఆదేశం ఉంది (పవర్‌షెల్ అంటే విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కిటికీ), అది ఫైలు లోపలి సమాచారం నుంచి హ్యాష్ అనే వేలిముద్ర లాంటి సంఖ్య ఇస్తుంది, లోపల ఉన్నది వేరైతే హ్యాష్ వేరే వస్తుంది, పేరుతో దానికి సంబంధం లేదు.

నేను రాసుకున్నది గ్రూప్ ఫోల్డర్‌లో పెడతాను, వాడుకోండి.


రాయగడ_జిరాక్స్

నడిపించాను అన్నా. అక్క చెప్పిందే నిజం, ఆ రెండు ఫైళ్లకూ తేడా ఒక్క డ దగ్గరే, ఒకదానిలో 0బి5సి, ఇంకోదానిలో రెండు ముక్కలు. హ్యాష్ వేరే వచ్చింది, లోపల తేదీ చూసి కొత్తదాన్నే అప్‌లోడ్ చేశాను. ఆ అబ్బాయి పాతది ఫోన్‌లో, కొత్తది కాలేజీ కంప్యూటర్‌లో పేరు పెట్టాడట.

మిగతా ఫోల్డర్లలో పేరు చివర పనిలేని 200సి ఉన్నవి చాలానే వచ్చాయి, అన్నీ తెలుగు పేర్లే. తిప్పే గుర్తు ఉన్నది మాత్రం ఇంకెక్కడా లేదు.


పర్లాకిమిడి_డీటీపీ

చివర వచ్చే ఆ 200సిని అనుమానంగా చూపించకుండా, పోల్చేటప్పుడు మాత్రం లేనట్టు లెక్కపెట్టేలా మార్చుకోండి అన్నయ్యా. రోజూ వచ్చేవాటిని అనుమానం, అనుమానం అని చూపిస్తుంటే కొన్నాళ్లకు షాపులో కుర్రాళ్లు ఆ హెచ్చరికలను చూడటం మానేస్తారు, అప్పుడు నిజంగా 202ఈ వచ్చిన రోజు కూడా దాటేస్తారు.


గుణుపూర్_మాస్టారు

కోడర్ బాబుకు ఒక విన్నపం. అనుమతించే లిపుల జాబితా అన్నారు కదా, అందులో సవర లిపి లేదు. మా గుణుపూర్ చుట్టుపక్కల సవర పిల్లలకు, పెద్దలకు పాఠాలు తయారుచేసేవాళ్లు కొందరు సోరాంగ్ సోంపెంగ్‌లో ఫైళ్లకు పేర్లు పెడుతున్నారు. 1936లో మంగే గొమాంగో తయారుచేసిన లిపి అది, 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. రాయగడలో ప్రింట్‌కు ఇస్తే మీ స్క్రిప్ట్ ఆ పాఠాలను వైరస్‌లా చూపిస్తుంది. ఇప్పటికే ఆ ఫాంట్ లేని ఫోన్లలో పేరు మొత్తం డబ్బాలుగా కనిపిస్తుంది, ఏ పాఠం చూసినా డబ్బాలే, అన్నీ ఒకే పేరులా ఉంటాయి.


బరంపురం_కోడర్

చేర్చాను మాస్టారూ, మంచి పని చేశారు చెప్పి. 110డి0 నుంచి 110ఎఫ్‌ఎఫ్ వరకు ఆ లిపిది. సవర అంకెలు కూడా అందులోనే 110ఎఫ్0 నుంచి ఉన్నాయి.

పవర్‌షెల్‌లో సొంతంగా రాసుకునేవాళ్లకు ఒక మాట: ఈ సంఖ్యలు నాలుగు అంకెలు దాటాయి చూడండి, అక్కడ పేరును క్యారెక్టర్లుగా విడగొడితే ఒక్కో సవర అక్షరం రెండు ముక్కలై వస్తుంది, ముందు డి804, వెనక ఇంకోటి. విడిగా ఆ ముక్కలకు లిపి అంటూ ఏదీ ఉండదు, కాబట్టి స్క్రిప్ట్ వాటిని తెలియని గుర్తులనుకుని పట్టేస్తుంది. పైథాన్‌లో ఈ చిక్కు లేదు. మాస్టారూ, వీలైతే రెండు మూడు పాఠాల ఫైళ్లు పేర్లు మార్చకుండా అలాగే జిప్ చేసి గ్రూప్ ఫోల్డర్‌లో పెట్టండి, వాటి మీద నడిపి చూసి చెప్తాను. డబ్బాల సంగతికి మాత్రం ప్రింట్ చేసే సిస్టమ్‌లో ఆ ఫాంట్ వేసుకోవాల్సిందే.